ఇంట్లో కట్టుకున్న కారుకు నంబరు: ఒడిశా సరిహద్దు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం షెడ్లలో పనిమంతులకు కొదవ లేదు. పైపులు వంచి ఫ్రేము కట్టేవారున్నారు, రేకు కొట్టి బాడీ తీర్చేవారున్నారు, చెన్నైలో పాత విడిభాగాల బజారైన పుదుపేట నుంచి తెచ్చిన జపాన్ ఇంజనును ఒక్క పూటలో ఎక్కించి బిగించేవారున్నారు. కారు నిలబడ్డాక వచ్చే ప్రశ్న ఒకటే: దీనికి నంబరు ఎలా వస్తుంది? ఈ ప్రశ్నను చివర్లో అడిగితే చాలావరకు జవాబు ఉండదు. మొదట్లోనే అడిగితే దారి దొరుకుతుంది. అందుకే ఇంజను కొనకముందు, ఒక్క పైపు కూడా కోయకముందు ఇది చదవండి.

బ్రిటన్‌లో ఒక వ్యక్తి ఒకే ఒక్క కారు కట్టుకుంటే, ఆ ఒక్క కారునే పరీక్షించి ఆమోదించే ప్రభుత్వ పద్ధతి ఉంది. మన దేశంలో అలాంటిది లేదు. అక్కడివాళ్లు పెట్టే వీడియోలు చూసి ఇక్కడ పని మొదలుపెట్టకండి. ఇక్కడ ఆమోదం కారు నమూనాకు వస్తుంది, ఆ నమూనా తయారీదారుకు వస్తుంది. మిగతా విషయమంతా ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

1988 మోటారు వాహనాల చట్టంలో 39వ సెక్షన్ మొదటిది. రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనాన్ని బహిరంగ స్థలంలోనే కాదు, మరే ఇతర స్థలంలోనూ నడపకూడదని అది అంటుంది. 'మా తోటలోనే కదా తిప్పుతున్నాం' అనే వాదన అందుకే నిలవదు. అయితే అదే చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం, ఫ్యాక్టరీలోగానీ ప్రహరీ ఉన్న ఆవరణలోగానీ మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక తరహా బండి మోటారు వాహనం కిందికి రాదు. ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు పోటీల కోసం కట్టే బగ్గీలు మధ్యప్రదేశ్ పీతంపూర్‌లోని నాట్రాక్స్ వాహన పరీక్షల ట్రాక్ లాంటి మూసిన ఆవరణల్లో పరుగెడతాయి. అక్కడికి కూడా లారీ మీదే చేరాలి.

రెండోది 52వ సెక్షన్. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా నిలబెట్టింది. అప్పటివరకు చూసీచూడనట్టు పోయిన కార్యాలయాలు కూడా ఆ తీర్పు తర్వాత బిగుసుకున్నాయి.

శిక్షలు కూడా తెలిసి ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి రూ.2,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా. రెండోసారి జరిమానా రూ.10,000 దాకా, జైలు ఏడాది దాకా ఉండవచ్చు. అనుమతి లేని మార్పులకు 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాటను గమనించండి. ఇంజను, స్టీరింగు, సస్పెన్షను మూడూ మార్చినవారికి లెక్క మూడింతలవుతుంది.

మొదటి అడుగు: దారి ఎంచుకోవడం

పూర్తిగా కొత్త కారు, అంటే మీ ఫ్రేము, మీ బాడీ, దిగుమతి ఇంజను కలిపి కట్టినది రోడ్డెక్కాలంటే 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన దాటాలి. నమూనాను పుణేలోని ఏఆర్‌ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్, చెన్నై దగ్గర ఒరగడంలోని జీఏఆర్‌సీ వంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్షించి ధ్రువపత్రం పొందాలి. బరంపురం నుంచి చూస్తే, హౌరా–చెన్నై లైనులో చెన్నై దాకా వెళ్లి చేరగల ఒరగడం సంస్థే అనువైనది. కానీ దూరం ఇక్కడ చిన్న సమస్య. ప్రయాణికుల కార్లకు ఏఐఎస్-098 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ప్రకారం ముందు భాగాన్ని గంటకు 56 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దిస్తారు. ఏఐఎస్-099 ప్రకారం పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుతారు. మీ దగ్గరున్నది ఒక్క కారే అయితే, పరీక్ష పూర్తయ్యాక రిజిస్టర్ చేయడానికి ఏమీ మిగలదు. దీనికి తోడు ఎయిర్‌బ్యాగులు, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, సీటుబెల్టు హెచ్చరిక ఉండాలి.

ఉద్గారాల సంగతి మరీ కఠినం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త వాహనాలకు బీఎస్-6 అనే పొగ ప్రమాణం తప్పనిసరి. పుదుపేటలోనో ముంబయి కుర్లాలోనో దొరికే పదిహేను, ఇరవై ఏళ్ల నాటి జపాన్ ఇంజను ఆ ప్రమాణాన్ని అందుకోలేదు. పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరక కన్వర్టరు బిగించినంత మాత్రాన సరిపోదు. ఇంధనం, మంట, పొగ మూడింటినీ నిరంతరం గమనించి లోపాన్ని నమోదు చేసే ఆన్‌బోర్డ్ డయాగ్నొస్టిక్ వ్యవస్థ ఉండాలి. ఆ ఇంజను తయారైన రోజుల్లో ఆ స్థాయి వ్యవస్థ లేదు.

2021 డిసెంబరులో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన ఒక కమ్మరి పాత సామానుతో కిక్ కొట్టి స్టార్ట్ చేసే చిన్న కారు కట్టారు. ఆనంద్ మహీంద్రా ఆ నైపుణ్యాన్ని బహిరంగంగా మెచ్చుకుంటూనే, ఆ బండి నిబంధనలకు లోబడదని, అధికారులు ఆపేస్తారని చెప్పి, దానికి బదులుగా కొత్త బొలెరో ఇచ్చారు. ఆ చేతిపని గొప్పది. అయినా ఆ కారుకు నంబరు రాదని దేశంలోని పెద్ద తయారీదారే చెప్పవలసి వచ్చింది. తయారీ కంపెనీ పెట్టాలనే ఉద్దేశం, అందుకు తగ్గ పెట్టుబడి ఉంటే తప్ప ఈ దారి పట్టవద్దని నా సలహా.

సొంత చేతులతో పనిచేసేవారికి అందే దారి వేరే ఉంది. ఇప్పటికే నంబరున్న కారు కొని, దాని ఛాసిస్సును, గుర్తింపును ముట్టుకోకుండా, అదే తయారీ, అదే రకం ఇంజనుతో దానికి మళ్లీ ప్రాణం పోయడం. ఇకపై చెప్పేదంతా ప్రధానంగా దీని గురించే.

ఇంకో రెండు దారులను క్లుప్తంగా చెబుతాను. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కారు మీ ఇంట్లో ఉంటే, 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజను మారి ఉండకూడదు కాబట్టి, వేరే ఇంజను వేసిన కారుకు ఇది పనికిరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీగా నడపకూడదు. సైన్యం వేలంలో అమ్మిన జీపులకు మాత్రం సంబంధిత అధికారి ఇచ్చే ఫారం 21 అమ్మకం పత్రంతో రిజిస్ట్రేషన్ కోరే వీలుంది. చేతిలో అసలు పత్రం లేకుండా, దాని జిరాక్సు మాత్రమే చూపించి 'సైన్యం జీపు' అని అమ్మేవారిని నమ్మకండి.

రెండో అడుగు: దాత కారు, దాని రాష్ట్రం

దాత కారు అంటే మీరు కొని, ఇంజను మార్చబోయే నంబరున్న పాత కారు. మన ప్రాంతంలో కార్లు సులువుగా సరిహద్దు దాటుతాయి. పర్లాకిమిడి దాటితే పాతపట్నం. బరంపురం నుంచి గిరిసోలా దాటితే ఇచ్ఛాపురం. రాయగడ నుంచి పార్వతీపురం, కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగితే సాలూరు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల కారు చవకగా దొరికిందని కొని తెచ్చి, ఏపీ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పుతుంటారు. మామూలు కారుకే ఇది ఇబ్బంది. ఇంజను మార్చబోయే కారుకైతే పని మొదలుకాకముందే దారి మూసుకుపోతుంది.

47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి ఆ రాష్ట్రం నంబరు తీసుకోవాలి. అందుకు పాత రాష్ట్రం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఇక్కడ ఫారం 27 మీద దరఖాస్తు, ఒడిశా రోడ్డు పన్ను అవసరం. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30. ఈ పనులు పూర్తయి గంజాం ఓడీ-07, గజపతి ఓడీ-20, రాయగడ ఓడీ-18, కోరాపుట్ ఓడీ-10 వంటి ఒడిశా నంబరు ఆర్‌సీ మీ పేరున వచ్చాకే ఇంజను పని మొదలుపెట్టండి. రెండు రాష్ట్రాల మధ్య కాగితం నడుస్తుండగా ఇంజను నంబరు మారితే, నిరభ్యంతర పత్రంలో ఒక నంబరు, బండి మీద మరో నంబరు ఉంటాయి. అప్పుడు రెండు కార్యాలయాలూ మిమ్మల్ని ఒకరి దగ్గరికి ఒకరు పంపుతాయి.

బంధువుల చిరునామాతో సరిహద్దు అవతల రిజిస్టర్ చేయించుకోవచ్చు కదా అనుకునేవారున్నారు. 40వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ మీ నివాసం ఉన్నచోట గానీ, వ్యాపారం ఉండి బండిని మామూలుగా ఉంచేచోట గానీ జరగాలి. 2019 సవరణ తర్వాత ఆ రాష్ట్రంలోని ఏ కార్యాలయంలోనైనా చేయించుకోవచ్చు. గుణుపురంవారు బరంపురం వెళ్లడంలో తప్పు లేదు, ఇచ్ఛాపురం వెళ్లడమే తప్పు.

ఆర్‌సీ గడువు కూడా చూడండి. సొంత వాడకం కారుకు అది 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. ఒకప్పుడు రూ.600 ఉన్న కారు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5,000 అయింది, మరీ పాత కార్లకు ఇంకా ఎక్కువ. గడువు ముగిసిన కారు చవకగా వస్తే ఈ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి.

ఒక హెచ్చరిక. తుక్కుకు వెళ్లిన కారు ఆర్‌సీ కొని, దాని ఛాసిస్ నంబరు పలకను కోసి మీ ఫ్రేముకు అతికించే పని ఎంత డబ్బుకు దొరికినా చేయకండి. అది మార్పు కాదు, ఫోర్జరీ. బండి పోతుంది, కేసు మిగులుతుంది.

మూడో అడుగు: ఇంజను

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 'తయారీ అదే, సీసీ అదే, కాబట్టి అదే ఇంజను' అనుకుంటారు. ఉదాహరణకు మారుతి జిప్సీ కింగ్ తీసుకోండి. దాని తర్వాతి మోడళ్లలో ఉన్నది సుజుకీ జీ13బీబీ, 1298 సీసీ, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు ఒక్కటే. విదేశాల్లో స్విఫ్ట్ జీటీఐలో వచ్చిన జీ13బీ కూడా సుజుకీదే, అదీ 1298 సీసీయే. కానీ దానికి రెండు క్యామ్‌షాఫ్టులు, శక్తి చాలా ఎక్కువ. చట్టం వాడే 'తయారీ, రకం' అనే జంట మాటల్లో తయారీ కలిసింది, రకం కలవలేదు. ఇంజను నంబరు రకం కోడుతోనే మొదలవుతుంది కాబట్టి, మొదటి నాలుగైదు అక్షరాలు చూస్తే మోటారు వాహనాల తనిఖీ అధికారికి విషయం తెలిసిపోతుంది. అదే టొయోటా క్వాలిస్‌లో వచ్చిన '2ఎల్' అనే రకం డీజిల్ ఇంజను స్థానంలో జపాన్ నుంచి దిగుమతైన మరో 2ఎల్ ఇంజను అడిగితే అనుమతికి ఆధారం ఉంటుంది. ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో వచ్చిన అంబాసిడర్, కాంటెస్సాలదీ ఇదే లెక్క. దిగుమతి ఇంజను మీద మనసు పడినవాళ్లు ముందు ఇంజను చూసి తర్వాత కారు వెతకకండి. ఏ కారులో ఏ విదేశీ ఇంజను ఫ్యాక్టరీ నుంచే వచ్చిందో చూసి కారు ఎంచుకోండి.

వాడిన ఇంజనును మీరే విదేశం నుంచి తెప్పించుకోవాలనుకుంటే, మూలధన యంత్రాలు కాని వాడిన వస్తువులు విదేశీ వాణిజ్య విధానంలో నియంత్రిత జాబితాలో ఉన్నాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అనుమతి లేకుండా ఓడ ఎక్కిస్తే రేవులోనే ఆగిపోతుంది. కొత్త ఇంజనైతే కస్టమ్స్‌లో పెట్రోలుది 8407, డీజిలుది 8408 శీర్షిక కింద బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి పత్రం దాఖలవుతుంది. మామూలు మనిషికి నయమైన పద్ధతి, చట్టబద్ధంగా దిగుమతి చేసిన వ్యాపారి దగ్గర కొనడం. అతని జీఎస్‌టీ బిల్లు మీద ఇంజను నంబరు పూర్తిగా, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ ఉండాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు, అందులో ఇంజన్ల సంఖ్య మాత్రమే ఉంటే నంబర్లున్న ప్యాకింగ్ జాబితా కూడా అడగండి. 'బిల్లు కావాలంటే పన్ను అదనం' అంటే ఆ పన్ను కట్టేయండి. బిల్లు లేని ఇంజను ఎంత బాగున్నా మీకు ఇనుప ముద్దే.

నంబరును కళ్లతో కాదు, చేత్తో పరీక్షించండి. చాలా ఇంజన్లలో సిలిండర్ బ్లాక్ మీద, గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర చదునైన చిన్న పీటలాంటి చోట నంబరు కొట్టి ఉంటుంది. డీజిలు, గుడ్డతో జిడ్డు తుడిచి, టార్చిని పక్క నుంచి వాలుగా వేయండి. ఫ్యాక్టరీలో పోత పోసి చదును చేసిన ఉపరితలం మీద సన్నటి సమాంతర గీతలు ఒకే దిశలో కనబడతాయి. గ్రైండరు తిరిగిన చోట గీతలు వంకరగా, కలగాపులగంగా ఉంటాయి, ఆ చోటు చుట్టుపక్కల కంటే కాస్త పల్లంగా వేలికి తగులుతుంది. అంకెల లోతు ఒకేలా ఉందా, వరుస తిన్నగా ఉందా చూడండి. పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసుకోండి. ఆ కాగితం మీదే తేదీ రాసి వ్యాపారి సంతకం చేయించుకోండి. తర్వాత ఆ నంబరును జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో చూసి, దొంగిలించిన వాహనాల జాబితాలో లేదని తెలిపే పత్రం తీసుకోండి. డబ్బు ఇచ్చేది ఇదంతా అయ్యాకే.

నాలుగో అడుగు: బిగించకముందు అనుమతి

దరఖాస్తు కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో, వాహనంలో మార్పులకు సంబంధించిన సేవలో ఉంటుంది. దానితోపాటు ప్రాంతీయ రవాణా అధికారికి వివరంగా ఒక లేఖ ఇవ్వండి. మన ఇళ్లలో తెలుగు, బజారులో ఒడియా నడిచినా, కార్యాలయానికి ఇచ్చే లేఖ ఇంగ్లిషులో ఉంటే మేలు. పై అధికారికి పంపినా, రేపు కారు వేరే రాష్ట్రానికి వెళ్లినా ఆ కాగితమే పనికొస్తుంది. లేఖలో ఒకదాని కింద ఒకటిగా రెండు వరుసలు రాయండి: పాత ఇంజను తయారీ, రకం, నంబరు, సీసీ, ఇంధనం, కొత్త ఇంజనువి అవే వివరాలు. నంబరు తప్ప మిగతావన్నీ ఒకటేనని చూడగానే తెలియాలి. ఎందుకు మారుస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి: బ్లాక్ పగిలింది, క్రాంకు అరిగింది, విడిభాగాలు దొరకడం లేదు. మెకానిక్ ఇచ్చిన రాతపూర్వక నివేదిక జతచేస్తే ఇంకా బలం.

కారు మీద అప్పు ఉంటే బ్యాంకు రాతపూర్వక సమ్మతి లేకుండా ముందుకు వెళ్లకండి. అద్దె కొనుగోలు ఒప్పందంలో ఉన్న బండిని నమోదిత యజమాని సమ్మతి లేకుండా మార్చకూడదని 52వ సెక్షనే చెబుతోంది. అనుమతి నోటిమాటగా వస్తే దాన్ని అనుమతిగా లెక్కపెట్టకండి. అధికారి బదిలీ అయితే ఆ మాటకు సాక్ష్యం ఉండదు.

పెట్రోలు కారును బ్యాటరీకి మార్చే ఆలోచన ఉన్నవారికి వేరే నిబంధన ఉంది. ఏఐఎస్-123 ప్రమాణం కింద ఆమోదం పొందిన మార్పిడి కిట్‌ను, ఆ తయారీదారు అధికారం ఇచ్చిన వ్యక్తి చేత బిగించుకుంటే ఆర్‌సీలో ఇంధనం మారుతుంది. మీ మోడలుకు ఆమోదం పొందిన కిట్ ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఇంట్లో కట్టిన బ్యాటరీకి ఇది వర్తించదు.

ఐదో అడుగు: పని, తనిఖీ

అసలు మౌంటింగ్‌లు, అసలు రంధ్రాలు వాడండి. ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ కనబడితే ఇంజను మార్పు కాస్తా నిర్మాణ మార్పు అవుతుంది. ఇంధన గొట్టాలు పొగగొట్టానికి దూరంగా, రబ్బరు క్లిప్పులతో పట్టి ఉండాలి. వైర్లు విడిగా వేలాడకూడదు. రేడియేటరు, సైలెన్సరు, బ్రేకు బూస్టరుకు వెళ్లే వాక్యూమ్ గొట్టం ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలాగే పెట్టండి. వాక్యూమ్ గొట్టం సరిగా బిగుసుకోకపోతే బ్రేకు పెడలు రాయిలా గట్టిపడి బండి ఆగదు. సుంకి ఘాట్‌లో దిగేటప్పుడు తెలియవలసిన విషయం కాదది. పని దశల ఫొటోలు తీసి ఉంచండి, ముఖ్యంగా పాత ఇంజను దిగాక, కొత్తది ఎక్కకముందు ఖాళీగా ఉన్న ఇంజను గది ఫొటో. పాత ఇంజనును తుక్కుకు అమ్మితే దాని నంబరుతో రసీదు తీసుకోండి.

మార్పు జరిగిన 14 రోజుల్లో కార్యాలయానికి తెలియజేసి, ఆర్‌సీ, రుసుము సమర్పించాలి. తనిఖీకి అసలు అనుమతి లేఖ, ఆర్‌సీ, ఇంజను బిల్లు, బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు, వాహన్ సమన్వయ్ పత్రం, బీమా, కాలుష్య ధ్రువపత్రం, ఛాసిస్, ఇంజను పెన్సిలు అచ్చులు తీసుకెళ్లండి. నంబరు కొట్టిన చోటు ముందే తుడిచి ఉంచండి. అధికారి వంగి వెతకవలసి వస్తే అనుమానం అక్కడే మొదలవుతుంది. కనబడని చోట ఉంటే చిన్న అద్దం చేతికివ్వండి. అడిగినదానికి కాగితం చూపండి, అడగనిదానికి ఉపన్యాసం వద్దు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అప్పుడే పై అధికారికి అప్పీలు చేసుకోవడానికి వీలుంటుంది.

బీమా, ఆర్‌సీ, సరిహద్దు

ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కగానే బీమా సంస్థకు రాసి పాలసీలో కూడా మార్పించండి. మూడో పక్షం బీమా 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. పాలసీలో పాత ఇంజను నంబరే ఉంటే ప్రమాదం జరిగిన రోజు సంస్థ మొదట పట్టుకునేది ఆ తేడానే. కాలుష్య పరీక్ష కొత్త ఇంజనుతో మళ్లీ చేయించండి.

చివరగా డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో మీ ఆర్‌సీ తెరిచి, అక్కడ కొత్త ఇంజను నంబరు కనబడుతోందో లేదో చూడండి. చేతిలో ఉన్న కార్డు మారి, రవాణా శాఖ కంప్యూటర్లలోని వాహన్ రికార్డు మారకపోవడం జరుగుతుంది. గిరిసోలా దాటి ఇచ్ఛాపురంలో ఆపిన పోలీసు తన ఫోనులో చూసేది ఆ రికార్డునే. అది సరిపోయేదాకా అనుమతి లేఖ, తనిఖీ రసీదు నకళ్లు కారులోనే ఉంచి, కార్యాలయంలో దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టి దాని నంబరు రాసుకోండి.